మైనర్ పిల్లల ఆస్తికి గార్డియన్‌షిప్, కోర్టు పర్మిషన్: మొదటి కాగితం నుంచి పిల్లలకి 18 నిండేదాకా

ఇంటి మగమనిషి ఉన్నట్టుండి పోతే పెద్దకర్మ అయ్యేలోపే అప్పులవాళ్ళు, బ్యాంకువాళ్ళు, చుట్టాలు అందరూ వచ్చి కూర్చుంటారు, అప్పుడు ఎవరో ఒకరు అంటారు "ఆ ప్లాట్ అమ్మేసెయ్యమ్మా, పిల్లలు చిన్నోళ్ళు కదా, వాళ్ళ తరఫున నువ్వే సంతకం పెట్టెయ్యొచ్చు, తల్లివి కదా" అని. చెప్పేవాళ్ళు మంచికే చెప్తారు, కానీ ఆ మాట తప్పు. పిల్లల్ని పెంచే హక్కు వేరు, పిల్లల వాటా అమ్మే అధికారం వేరు. మొదటిది తల్లికి పుట్టుకతోనే ఉంది, రెండోది జడ్జి ఇస్తేనే వస్తుంది. ఇది తెలియక సంతకాలు పెట్టేసి, పదేళ్ళ తర్వాత కొన్నవాళ్ళూ పిల్లలూ కోర్టు మెట్లెక్కిన కుటుంబాలు మన ఊళ్ళల్లో చాలానే ఉన్నాయి, అందుకే మొత్తం వరసగా రాస్తున్నాను. కాస్త పెద్దదే, ఓపిగ్గా చదవండి, మీకు ఏ భాగం అవసరమో అక్కడ ఆగి మళ్ళీ చదువుకోండి.

ముందు ఎవరి వాటా ఎంతో రాసుకోండి

లాయర్ దగ్గరికి వెళ్ళే ముందే ఒక తెల్లకాగితం తీసుకుని ఈ పని చెయ్యండి. హిందూ కుటుంబంలో మగమనిషి వీలునామా రాయకుండా చనిపోతే, ఆయన సొంతంగా కొన్న ఆస్తి భార్యకి, పిల్లలకి (ఆడైనా మగైనా), ఆయన తల్లికి సమానంగా వస్తుంది. చాలామంది మర్చిపోయేది ఆ తల్లినే, అంటే పిల్లల నానమ్మని. ఉదాహరణకి ఒకాయన ఉద్యోగం చేసుకుంటూ ఘట్‌కేసర్ వైపు ఒక ప్లాట్ కొన్నాడు అనుకోండి, ఆయన పోయాడు, భార్య ఉంది, పన్నెండేళ్ళ అమ్మాయి, ఎనిమిదేళ్ళ అబ్బాయి, ఊళ్ళో తల్లి. నాలుగు వాటాలు, తలా పావు. ఆయన తండ్రి బతికున్నా ఈ వరసలో ఆయనకి వాటా రాదు. అంటే ఆ ప్లాట్‌లో సగం ఇద్దరు పిల్లలది. భార్య తన పావు అమ్ముకోవచ్చు, అత్తగారు తన పావు అమ్ముకోవచ్చు, మిగతా సగం కదలాలంటే మాత్రం కోర్టు పర్మిషన్ కావాలి.

తాతల నాటి ఉమ్మడి ఆస్తి సంగతి వేరు. కుటుంబం విడిపోకుండా పెద్దవాళ్ళు ఎవరో చూసుకుంటున్న ఉమ్మడి ఆస్తిలో మైనర్ వాటాకి ఈ పర్మిషన్ రూల్ వర్తించదని సుప్రీంకోర్టు 1996లో చెప్పింది. దీన్ని పట్టుకుని కొంతమంది అన్ని ఆస్తుల్నీ "మాది ఉమ్మడి ఆస్తే" అని డాక్యుమెంట్‌లో రాయించేస్తారు. అలా రాయించినంత మాత్రాన సొంతార్జితం ఉమ్మడి అయిపోదు. తండ్రి తన జీతంతో కొన్నది ఆయన పోయాక పిల్లలకి ఎవరి వాటా వాళ్ళకి విడిగానే వస్తుంది. మీ ఆస్తి ఏ రకమో లింక్ డాక్యుమెంట్లు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చెప్పే పాత కాగితాలు) చూపించి లాయర్‌తో తేల్చుకోండి, డాక్యుమెంట్ రైటర్ మాట మీద వదిలెయ్యకండి.

మీరు ఏ రకం గార్డియన్?

ఇక్కడ తేడా తెలుసుకుంటే సగం తిరుగుడు తప్పుతుంది. హిందువులకి రెండు చట్టాలు కలిసి నడుస్తాయి, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ యాక్ట్, 1956 నాటి హిందూ మైనారిటీ అండ్ గార్డియన్‌షిప్ యాక్ట్. 1956 చట్టం ప్రకారం తండ్రి, ఆయన తర్వాత తల్లి సహజ సంరక్షకులు. ఆ "తర్వాత" అంటే తండ్రి చనిపోయాకే అని కాదు, తండ్రి ఇంట్లో లేకపోయినా, పట్టించుకోకపోయినా, చూసుకోగల స్థితిలో లేకపోయినా తల్లే గార్డియన్‌గా వ్యవహరించొచ్చని 1999లో గీతా హరిహరన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. భర్త వదిలేసి వెళ్ళిపోయిన ఆడవాళ్ళు ఈ తీర్పు పేరు గుర్తుపెట్టుకోండి, బ్యాంకులో, స్కూల్లో "తండ్రి సంతకం కావాలి" అని ఇబ్బంది పెట్టినప్పుడు పనికొస్తుంది.

తల్లి మళ్ళీ పెళ్ళి చేసుకుంటే గార్డియన్ హక్కు పోతుందని అత్తింటివాళ్ళు బెదిరిస్తూ ఉంటారు, పోదు. చట్టంలో అలా ఎక్కడా లేదు. తండ్రి పోయాక తల్లే ఏకైక సహజ సంరక్షకురాలని, పిల్లల ఇంటిపేరు నిర్ణయించే హక్కు కూడా ఆమెదేనని మన ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన ఒక కేసులోనే 2022లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. కాకపోతే సవతి తండ్రి, సవతి తల్లి మాత్రం సహజ సంరక్షకులు కారు, పెళ్ళి చేసుకున్నంత మాత్రాన పిల్లల ఆస్తి కాగితాల మీద సంతకం పెట్టే అధికారం కొత్త భర్తకి రాదు.

సహజ సంరక్షకురాలైన తల్లి "నన్ను గార్డియన్‌గా నియమించండి" అని అడగాల్సిన పని మామూలుగా ఉండదు, ఆమె ఇప్పటికే గార్డియన్. ఆమెకి కావాల్సింది అమ్మడానికి పర్మిషన్ మాత్రమే. తల్లిదండ్రులిద్దరూ పోయి పిల్లలు అమ్మమ్మ దగ్గరో, బాబాయి దగ్గరో, మేనమామ దగ్గరో పెరుగుతుంటే మాత్రం వాళ్ళు ఎంత ప్రేమగా చూసుకున్నా చట్టం దృష్టిలో ఆస్తికి గార్డియన్లు కారు. దగ్గర పెట్టుకుని పెంచుతున్నంత మాత్రాన మైనర్ ఆస్తి ముట్టుకోవడానికి వీల్లేదని 1956 చట్టం సెక్షన్ 11 చెప్తుంది. వాళ్ళు ముందు కోర్టులో నియామకం తెచ్చుకోవాలి, ఆ తర్వాత అమ్మాలంటే మళ్ళీ విడిగా పర్మిషన్ అడగాలి. తండ్రి బతికే ఉండి, పిల్లలు అమ్మమ్మ తాతయ్యల దగ్గర ఉంటే ఇంకా కష్టం, తండ్రి ఆ బాధ్యతకి తగడని కోర్టుకి చూపించాలి, ఉత్త కోపతాపాలు సరిపోవు.

ముస్లిం కుటుంబాల్లో దీనికి పూర్తిగా వేరే లెక్క, ఇది తెలియక నష్టపోయిన తల్లులు చాలామంది. పిల్లల్ని కొంత వయసు దాకా తన దగ్గర ఉంచుకునే హక్కు తల్లికి ఉంటుంది గానీ, ఆస్తికి సంబంధించి గార్డియన్ తండ్రి, లేదా తండ్రి వీలునామాలో పెట్టిన మనిషి, తర్వాత తండ్రి తండ్రి. తల్లి తనంతట తానే మైనర్ పిల్లల స్థిరాస్తి అమ్మితే ఆ అమ్మకం మొదట్నుంచీ చెల్లదు. అందుకే ముస్లిం తల్లి 1890 చట్టం కింద కోర్టు నుంచి ఆస్తి గార్డియన్‌గా నియామకం తెచ్చుకున్నాకే ముందుకెళ్ళాలి. క్రైస్తవ కుటుంబాలు కూడా నియామకం కోసం వెళ్ళేది ఆ 1890 చట్టం కిందే.

దేనికి పర్మిషన్ కావాలి, దేనికి అక్కర్లేదు

సహజ సంరక్షకులకి 1956 చట్టం సెక్షన్ 8 హద్దులు పెట్టింది. మైనర్ స్థిరాస్తిని అమ్మడం, తాకట్టు పెట్టడం, గిఫ్ట్ ఇవ్వడం, మార్చుకోవడం, ఐదేళ్ళకి మించి లీజుకివ్వడం, లేదా పిల్లలకి మైనారిటీ తీరాక ఒక సంవత్సరం దాటి నడిచే లీజు రాయడం, వీటన్నిటికీ ముందుగా కోర్టు పర్మిషన్ ఉండాలి. ముందుగా అనేది ముఖ్యం. అమ్మేసి తర్వాత తెచ్చుకుందాం అంటే కుదరదు. కోర్టు నియమించిన గార్డియన్లకి కూడా 1890 చట్టం సెక్షన్ 29లో దాదాపు ఇవే హద్దులు.

ఈ లిస్టులో బయటికి కనపడనివి కొన్ని ఉన్నాయి. "అమ్మట్లేదు కదా, మా బావగారికి రిలీజ్ డీడ్ రాసిస్తున్నాం అంతే" అంటారు (అంటే వాటా వదులుకుంటున్నట్టు కాగితం), అదీ పిల్లల వాటా చేతులు మారడమే. బిల్డర్‌తో డెవలప్‌మెంట్ అగ్రిమెంట్ కూడా అంతే, హైదరాబాద్‌లో ఇప్పుడు పాత ఇళ్ళన్నీ అపార్ట్‌మెంట్లు అవుతున్నాయి కదా, ఇంటి స్థలంలో మైనర్ వాటా ఉంటే బిల్డర్‌కి కొంత వాటా రాసిస్తున్నట్టే, పర్మిషన్ లేకుండా సంతకం పెడితే రేపు ఫ్లాట్లు కొన్నవాళ్ళకి కూడా చిక్కే. సేల్ అగ్రిమెంట్ కమ్ జీపీఏ (అమ్మకం ఒప్పందంతో పాటు పవర్ ఆఫ్ అటార్నీ) రాసి డబ్బు తీసుకోవడం కూడా ఇదే కోవలోకొస్తుంది.

ఇంకో సంగతి, ఇది తండ్రి బతికున్న ఇళ్ళల్లో జరిగేది. బిడ్డ పుట్టిందని సంతోషంగా బిడ్డ పేరు మీద ప్లాట్ రిజిస్టర్ చేయిస్తారు. నాలుగేళ్ళకి డబ్బు అవసరం వస్తుంది, "నా డబ్బుతోనే కొన్నాను, నా బిడ్డ పేరే కదా" అని అమ్మబోతారు. అక్కడ ఆగిపోతుంది, ఎందుకంటే కాగితం మీద అది బిడ్డ ఆస్తి, కన్నతండ్రి అయినా కోర్టుకి వెళ్ళాల్సిందే, వెళ్ళినా "బిడ్డకి ఏం లాభం" అని జడ్జి అడిగితే చెప్పడానికి గట్టి కారణం ఉండాలి. కాబట్టి మధ్యలో అవసరం పడొచ్చు అనుకునే ఆస్తిని పిల్లల పేరు మీద పెట్టకపోవడమే మంచిది అని నా అభిప్రాయం. పిల్లలకే చెందాలని మనస్ఫూర్తిగా అనుకున్నదైతే నిస్సంకోచంగా పెట్టండి, ఎవరూ తేలిగ్గా కదిలించలేరు కాబట్టి అది వాళ్ళకి రక్షణే.

మరి పర్మిషన్ లేకుండా అమ్మేస్తే ఏమవుతుంది? సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో రిజిస్ట్రేషన్ అయిపోవచ్చు కూడా, అయింది కదా అని ఊపిరి పీల్చుకుంటారు, కానీ రిజిస్ట్రేషన్ ఆ లోపాన్ని సరిచెయ్యదు. సహజ సంరక్షకులు అలా అమ్మితే మైనర్ పెద్దయ్యాక ఆ అమ్మకాన్ని కాదనొచ్చు. దావా వెయ్యాలంటే 18 నిండిన దగ్గర్నుంచి మూడేళ్ళు టైమ్. దావా వెయ్యకుండా కూడా, తన ప్రవర్తన ద్వారా, అంటే అదే ఆస్తిని తను వేరేవాళ్ళకి అమ్మడం లాంటి పని ద్వారా పాత అమ్మకాన్ని తోసిపుచ్చొచ్చని 2025 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అందుకే బ్యాంకు లోన్‌తో కొనేవాడి లీగల్ ఒపీనియన్‌లో మైనర్ పేరు కనపడగానే ఫైల్ వెనక్కొస్తుంది. కొనేవాళ్ళు కూడా ఇది చదువుతుంటే, ఈసీతో (ఆ ఆస్తి మీద రిజిస్టర్ అయిన లావాదేవీల లిస్టు) పాటు ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ చూడండి, చనిపోయిన ఓనర్‌కి చిన్న పిల్లలు ఉన్నారేమో అక్కడే తెలుస్తుంది.

బంగారం, ఎఫ్‌డీలు, షేర్ల లాంటి చరాస్తులకి సెక్షన్ 8 పర్మిషన్ రూల్ లేదు, కానీ దానర్థం ఇష్టమొచ్చినట్టు వాడుకోవచ్చని కాదు, పిల్లల అవసరానికో లాభానికో మాత్రమే వాడాలి. అలాగే పిల్లల మీద వ్యక్తిగతంగా అప్పు పడేలా ఏ గార్డియనూ రాసివ్వలేరు, "మైనర్ తరఫున నేను హామీ" అని ఎవరైనా ప్రామిసరీ నోటు మీద సంతకం అడిగితే పెట్టకండి.

ఏ కోర్టు

అమ్మకం పర్మిషన్‌కి ఆస్తి ఎక్కడుందో అక్కడి జిల్లా కోర్టు, హైదరాబాద్‌లో అయితే సిటీ సివిల్ కోర్టు. గార్డియన్‌గా నియమించమని అడిగేది ఆస్తికి సంబంధించి అయితే పిల్లలు మామూలుగా ఉండే చోటు కోర్టులో గానీ ఆస్తి ఉన్నచోటు గానీ వెయ్యొచ్చు. ఆస్తికి కాకుండా పిల్లవాడి పెంపకానికి సంబంధించిన గార్డియన్‌షిప్, కస్టడీ అయితే పిల్లలు ఉండే ఊరి ఫ్యామిలీ కోర్టు. మన రెండు రాష్ట్రాల్లో ఈ కేసుల్ని జీడబ్ల్యూఓపీ (గార్డియన్స్ అండ్ వార్డ్స్ ఒరిజినల్ పిటిషన్) అంటారు, కోర్టు ఆవరణలో ఎవర్ని అడిగినా ఆ పేరే చెప్తారు.

లాయర్ ఫీజు కట్టే స్తోమత లేదని ఆగిపోకండి. 1987 చట్టం ప్రకారం ఆడవాళ్ళకి, పిల్లలకి ఆదాయంతో సంబంధం లేకుండా ఉచితంగా లాయర్‌ని ఇవ్వాలి. ప్రతి జిల్లా కోర్టు ఆవరణలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఆఫీసు ఉంటుంది, నేరుగా వెళ్ళి అప్లికేషన్ ఇవ్వొచ్చు, 15100కి ఫోన్ కూడా చెయ్యొచ్చు. ఈ విషయం తెలియక తాళిబొట్టు తాకట్టు పెట్టి ఫీజులు కట్టేవాళ్ళున్నారు, దయచేసి తెలిసినవాళ్ళందరికీ చెప్పండి.

కాగితాలు పోగెయ్యడం

మున్సిపాలిటీ లేదా పంచాయతీ నుంచి డెత్ సర్టిఫికెట్, కనీసం పది కాపీలు అటెస్ట్ చేయించి పెట్టుకోండి. మీసేవలో అప్లై చేస్తే తహసీల్దార్ ఆఫీసు విచారణ చేసి ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ (ఆంధ్రాలో సచివాలయంలో కూడా అప్లై చెయ్యొచ్చు), ఇందులో పేర్లు ఆధార్‌లో ఎలా ఉన్నాయో అలాగే ఉండేలా చూసుకోండి, ఒక అక్షరం తేడా వచ్చినా ప్రతి ఆఫీసులో అడ్డం పడుతుంది. పిల్లల బర్త్ సర్టిఫికెట్లు, ఆధార్, స్కూల్ బోనఫైడ్. ఆస్తికి ఒరిజినల్ డాక్యుమెంట్, లింక్ డాక్యుమెంట్లు, తాజా ఈసీ, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మార్కెట్ వాల్యూ సర్టిఫికెట్, పొలమైతే పాస్‌బుక్, ఆంధ్రాలో 1బి అడంగల్, తెలంగాణలో భూభారతి రికార్డు. ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ వచ్చింది కదా అని ఆస్తి హక్కు తేలిపోయినట్టు కాదు, అది కుటుంబంలో ఎవరున్నారో చెప్పే కాగితం అంతే. బ్యాంకు డిపాజిట్లు, షేర్ల లాంటివాటికి గొడవ ఉంటే కోర్టు నుంచి సక్సెషన్ సర్టిఫికెట్ (ఆ డబ్బు వసూలు చేసుకునే హక్కు ఎవరిదో చెప్పే కాగితం) విడిగా కావాలి.

అన్నిటికంటే ముఖ్యం, ఎందుకు అమ్ముతున్నారో చూపించే కాగితాలు. బ్యాంకు లోన్ స్టేట్‌మెంట్, ఆస్పత్రి బిల్లులు, కాలేజీ ఫీజు లెటర్, ఇంటి ఖర్చు లెక్క. చట్టంలో పర్మిషన్‌కి రెండే కారణాలు: పిల్లవాడికి అవసరం, లేదా పిల్లవాడికి స్పష్టమైన లాభం. మీ అవసరం కాదు, మీ మరిది అవసరం కాదు. "ఇప్పుడు మంచి రేటు వస్తోంది" అన్నది ఒక్కటే చాలదు, ఆ రేటుకి అమ్మి ఆ డబ్బు పిల్లల పేరు మీద ఎక్కడ పెడతారో, ఇప్పుడున్న దానికంటే అది ఎలా మెరుగో చూపించాలి. ఉదాహరణకి ఆ ప్లాట్ కబ్జా అయ్యే ప్రమాదంలో ఉంది, అద్దె రాదు, పన్ను మాత్రం కట్టాలి, దాని మీద తండ్రి తీసుకున్న లోన్‌కి వడ్డీ పెరిగిపోతోంది, ఇలాంటివి కాగితాలతో సహా ఉంటే జడ్జికి కూడా పర్మిషన్ ఇవ్వడానికి ఆధారం దొరుకుతుంది.

పిటిషన్‌లో ఏం ఉండాలి, తర్వాత ఏం జరుగుతుంది

గార్డియన్‌గా నియామకం అడిగే పిటిషన్‌లో 1890 చట్టం సెక్షన్ 10 ప్రకారం పిల్లల పేరు, పుట్టిన తేదీ, మతం, మామూలుగా ఉండే చోటు, ఆస్తి ఏంటి ఎక్కడుంది సుమారు విలువ ఎంత, ఇప్పుడు పిల్లలు ఎవరి దగ్గర ఉన్నారు, దగ్గర బంధువులు ఎవరు వాళ్ళ అడ్రస్‌లు ఏంటి, ఇంతకుముందు ఎక్కడైనా ఇలాంటి పిటిషన్ వేశారా, ఇవన్నీ రాయాలి. గార్డియన్‌గా ఉండటానికి ఒప్పుకుంటూ ఇద్దరు సాక్షుల సంతకంతో అంగీకార పత్రం పెట్టాలి. బంధువుల లిస్టులో గొడవపడే బాబాయి పేరు వదిలేస్తే పని తొందరగా అయిపోతుందని కొందరు సలహా ఇస్తారు, వినకండి, తర్వాత ఆయన వచ్చి నాకు నోటీసు రాలేదని ఆర్డర్‌నే కొట్టేయించమంటాడు. రాసేసి నోటీసు పంపించి, ఆయన అభ్యంతరం ఏదో ముందే విననివ్వడం మేలు.

పిటిషన్ వేశాక ఆఫీసువాళ్ళు చూసి లోపాలుంటే రిటర్న్ చేస్తారు, భయపడకండి, అది మామూలే, సరిచేసి మళ్ళీ వేస్తే నంబర్ వస్తుంది. తర్వాత బంధువులకి నోటీసులు, కోర్టు ఆదేశిస్తే పేపర్ ప్రకటన. ఎవరూ అభ్యంతరం చెప్పకపోయినా మీ సాక్ష్యం ఉంటుంది, చీఫ్ అఫిడవిట్ (మీ సాక్ష్యం ప్రమాణంతో రాసిన కాగితం) వేస్తారు, కాగితాలు ఏ1, ఏ2 అని మార్క్ అవుతాయి, కుటుంబం గురించి తెలిసిన బయటి మనిషి ఒకరు సాక్షిగా వస్తే బలం. ఎవరు గార్డియన్‌గా తగినవాళ్ళో చూసేటప్పుడు కోర్టు పిల్లల వయసు, మతం, ఆ మనిషి స్వభావం, దగ్గరి చుట్టరికం, చనిపోయిన తల్లిదండ్రుల కోరిక చూస్తుంది, వీటన్నిటికంటే పిల్లల బాగు ముఖ్యం. పిల్లవాడు తన మాట తను చెప్పగలిగే వయసుంటే జడ్జి పిలిచి మాట్లాడొచ్చు. అలా పిలిస్తే పిల్లలకి ఏం చెప్పాలో నేర్పించి పంపకండి, ఎందుకు వెళ్తున్నామో ఉన్నది ఉన్నట్టు నెమ్మదిగా చెప్పండి, అంతే. తండ్రి పోయిన బిడ్డ కోర్టు హాలు చూసి బెదిరిపోతుంది, పక్కన మీరు స్థిమితంగా ఉండటమే ఆ రోజు కావాల్సింది.

మధ్యలో అర్జెంట్ అవసరం వస్తే, ఆస్తిని ఎవరైనా పాడుచేస్తారని భయం ఉంటే, తాత్కాలిక ఆర్డర్ కోసం విడిగా అప్లికేషన్ వేసుకోవచ్చు.

ఆర్డర్ చేతికొచ్చాక

సర్టిఫైడ్ కాపీ తీసుకుని ప్రతి లైన్ చదవండి. మామూలుగా షరతులుంటాయి: ఇంత ధరకి తక్కువ కాకుండా అమ్మాలి, పిల్లల వాటా డబ్బు జాతీయ బ్యాంకులో వాళ్ళ పేరు మీద 18 నిండేదాకా ఎఫ్‌డీ వెయ్యాలి, రసీదు కోర్టులో దాఖలు చెయ్యాలి, ఇలాంటివి. కొన్నిసార్లు కోర్టు వేలం పద్ధతిలో అమ్మమని కూడా చెప్పొచ్చు. సేల్ డీడ్‌లో ఆ ఓపీ నంబర్, ఆర్డర్ తేదీ తప్పకుండా రాయించండి, పిల్లల వాటా డబ్బు చెక్కు నేరుగా పిల్లల అకౌంట్‌కే ఇప్పించండి, తల్లి అకౌంట్‌లో పడి అక్కణ్ణుంచి బదిలీ అయితే మధ్యలో ఏదో ఒక అప్పుకి పోతుంది, ఆ తర్వాత లెక్క చెప్పడం చాలా కష్టమవుతుంది.

కోర్టు నియమించిన గార్డియన్ అయితే ఇంకా కొన్ని బాధ్యతలున్నాయి. కోర్టు అడిగితే బాండ్ ఇవ్వాలి, నియామకం అయిన ఆరు నెలల్లోపు పిల్లల స్థిరాస్తి, డబ్బు, మిగతా చరాస్తి, రావాల్సిన బాకీలు, కట్టాల్సిన అప్పులు అన్నిటితో ఒక స్టేట్‌మెంట్ దాఖలు చెయ్యాలి, లెక్కలు చూపించాలి. కోర్టు అడగకపోయినా ఇది చేసి పెట్టుకోండి. ఒక నోట్‌బుక్ పిల్లల పేరుతో మొదలుపెట్టండి, వచ్చిన అద్దె, వడ్డీ, పెట్టిన ఫీజు, మందులు, తేదీలతో సహా రాసి బిల్లు పక్కన అతికించండి. బంగారం ఉంటే ఒక్కో నగ ఫోటో తీసి, తూకం వేయించి రాయండి. మామయ్య ఎంత నిజాయితీగా పెంచినా, లెక్క లేకపోతే పదేళ్ళ తర్వాత ఆ పిల్లల మనసులో ఎవరో అనుమానం వేస్తారు, కాగితం ఉంటే ఆ బంధం నిలబడుతుంది.

యాక్సిడెంట్ పరిహారం, పీఎఫ్, ఇన్సూరెన్స్

రోడ్డు ప్రమాదంలో తండ్రో తల్లో పోతే ట్రిబ్యునల్ ఇచ్చే పరిహారంలో పిల్లల వాటాని పెద్దయ్యేదాకా ఎఫ్‌డీలో ఉంచమంటారు, 1994 నాటి సుప్రీంకోర్టు తీర్పు నుంచి ఇది ఆనవాయితీ. వడ్డీ తీసుకునేలా ఆర్డర్‌లో రాయించమని మీ లాయర్‌ని ముందే అడగండి. అసలులోంచి చదువుకి కావాలంటే అదే ట్రిబ్యునల్‌లో పిటిషన్ వేసి, అడ్మిషన్ లెటర్, ఫీజు వివరం జతచేస్తే పరిశీలిస్తారు. మైనర్ తరఫున కేసులో రాజీ పడాలన్నా కోర్టు అనుమతి ఉండాలి, ఇన్సూరెన్స్ కంపెనీవాళ్ళు బయట సెటిల్ చేసుకుందాం అంటే తొందరపడకండి.

పీఎఫ్ ఉన్న ఉద్యోగి పోతే పీఎఫ్ డబ్బుతో పాటు ఈడీఎల్ఐ ఇన్సూరెన్స్, పిల్లల పెన్షన్ కూడా ఉంటాయి, చాలామంది పీఎఫ్ తీసుకుని పెన్షన్ అడగరు. ఇద్దరు పిల్లల దాకా, 25 ఏళ్ళు వచ్చేవరకు, ఒక్కొక్కరికి తల్లి పెన్షన్‌లో 25 శాతం వస్తుంది, తల్లిదండ్రులిద్దరూ లేకపోతే 75 శాతం. పిల్లల పేరు మీద బ్యాంకు అకౌంట్, పాన్ ముందే తీసి పెట్టండి, అన్నీ తేలికవుతాయి.

ఇన్సూరెన్స్‌లో మైనర్‌ని నామినీగా పెడితే డబ్బు తీసుకునే అపాయింటీ పేరు కూడా రాయాలి. పదేళ్ళ కింద రాసిన అపాయింటీ ఇప్పుడు బతికున్నారో లేదో చూసుకోండి. బ్యాంకు డిపాజిట్లో నామినీ అంటే డబ్బు తీసుకునే మనిషి మాత్రమే, వారసుల వాటా అలాగే ఉంటుంది, నామినీగా ఉన్న బాబాయి డబ్బు తీసుకున్నా పిల్లల వాటా పిల్లలదే.

పిల్లల పేరు మీద వచ్చే వడ్డీ, అద్దె మామూలుగా తల్లిదండ్రుల్లో ఎక్కువ ఆదాయం ఉన్నవాళ్ళ ఆదాయంలో కలిపి పన్ను లెక్కేస్తారు, ఆడిటర్‌కి ఈ అకౌంట్లు కూడా చూపించండి.

ఇద్దరూ బతికే ఉన్నప్పుడు చేసుకోవాల్సింది

వీలునామాలో పిల్లలకి గార్డియన్‌ని రాసి పెట్టుకోవచ్చు. హిందువుల్లో తండ్రి రాసినా, తల్లి బతికుంటే ఆ నియామకం అమల్లోకి రాదు, తల్లే గార్డియన్. తల్లి కూడా తన వీలునామాలో వేరే పేరు రాస్తే తల్లి రాసినదే చెల్లుతుంది, ఆమె ఏమీ రాయకుండా పోతే అప్పుడు తండ్రి రాసినది లేస్తుంది. కాబట్టి భార్యాభర్తలిద్దరూ కూర్చుని ఒకే పేరు మీద ఒప్పుకుని ఇద్దరూ వీలునామాలు రాయండి, ఇద్దరూ ఒకే కారులో తిరుగుతారు కదా. పెట్టబోయే మనిషిని ముందే అడగండి. పెంచడానికి మీ అక్క మంచిదైతే, డబ్బు లెక్కలకి మీ బావమరిది మంచివాడైతే, ఇద్దర్నీ వేర్వేరుగా పెంపకానికొకరు ఆస్తికొకరు అని పెట్టొచ్చు. భార్యాపిల్లల కోసం తీసుకునే టర్మ్ పాలసీని 1874 నాటి మ్యారీడ్ విమెన్స్ ప్రాపర్టీ యాక్ట్ కింద తీసుకుంటే ఆ డబ్బు ట్రస్టులా వాళ్ళకే ఉంటుంది, మీ అప్పులవాళ్ళు ముట్టుకోలేరు, పాలసీ తీసుకునేటప్పుడే ఆ ఫారం నింపాలి, తర్వాత కుదరదు.

అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్ళకి ఒక మాట. అక్కడి కోర్టు మిమ్మల్ని గార్డియన్‌గా పెట్టినా గుంటూరు పొలం అమ్మడానికి ఆ ఆర్డర్ సరిపోదు, పొలం ఉన్న జిల్లా కోర్టు పర్మిషనే కావాలి. ఇక్కడ కేసు నడపడానికి ఎవరికైనా పవర్ రాస్తే కాన్సులేట్‌లో అటెస్ట్ చేయించి పంపండి, ఇండియాకి చేరిన మూడు నెలల్లోపు ఇక్కడ స్టాంపు డ్యూటీ కట్టించాలి.

18 నిండిన రోజు

పాతకాలంలో కోర్టు గార్డియన్ ఉంటే 21 దాకా మైనర్‌గానే లెక్కేసేవాళ్ళు, పెద్దవాళ్ళు ఇప్పటికీ అదే చెప్తుంటారు, 1999 సవరణ తర్వాత అందరికీ 18. ఆ రోజుతో గార్డియన్ అధికారం పోతుంది, ఆ తర్వాత మీరు పెట్టే సంతకం చెల్లదు. పుట్టినరోజుకి రెండు నెలల ముందే పాన్, ఆధార్‌లో ఫోటో, సంతకం అప్‌డేట్ చేయించండి, ఎందుకంటే మ్యూచువల్ ఫండ్లు, డీమ్యాట్ మైనర్ నుంచి మేజర్‌కి మార్చేదాకా లావాదేవీలు ఆగిపోతాయి. కోర్టు ఎఫ్‌డీ అయితే ఏజ్ ప్రూఫ్‌తో పిల్లవాడే పిటిషన్ వేసుకుని తీసుకోవాలి. నోట్‌బుక్, ఎఫ్‌డీ రసీదులు, డాక్యుమెంట్లు, నగలు అన్నీ లిస్టు రాసి అప్పజెప్పి, అందినట్టు సంతకం తీసుకోండి, కన్నబిడ్డ అయినా సరే. కోర్టు నియమించిన గార్డియన్ అయితే లెక్కలు దాఖలు చేసి, బాధ్యత నుంచి విడుదల చేసినట్టు ఆర్డర్ అడిగి తీసుకోండి, బాండ్ ఇచ్చి ఉంటే అది కూడా రద్దు చేయించుకోండి.